పసుపు పట్టీ చూసి పారిపోయిన వేటకుక్క

అనగనగా ఒక అడవి ఉండేది. అడవి అంటే మన ఊరి చివర తుప్పలనుకునేరు పిల్లలూ! అక్కడ చెట్లు ఎంత దట్టమంటే, పొద్దున్న కొమ్మల మీద పడిన ఎండ నేలకి దిగేసరికి సాయంత్రం అయిపోయేది. ఆ అడవి నడుమ మూడు కొండలు. మూడో కొండ నెత్తిన వేటమామిడి అనే కొండరెడ్ల గూడెం. పదకొండు ఇళ్ళు, పద్నాలుగు కుక్కలు.

పద్నాలుగింటిలో పదమూడు మామూలు కుక్కలు. పద్నాలుగోది జీలుగు.

జీలుగు అంటే ఎవరనుకున్నారు? ఒకసారి ఎలుగుబంటిని మూడు కొండలు తరిమింది. నాలుగో కొండ లేదు కాబట్టి ఆ ఎలుగు బతికిపోయింది. జీలుగు మొరిగితే గోదావరి అవతలి గట్టున నడిచే పులి ఉలిక్కిపడి, తను ఎటు పోతున్నదీ మరిచిపోయి, వెనక్కి తిరిగి ఇంటికి పోయేది. అడవిపంది కోరలు చీల్చిన మచ్చలు దాని ఒంటిమీద నలభై ఏడు. లెక్క తప్పయితే ఇంకో రెండు ఎక్కువే గానీ తక్కువ కాదు.

ఇంతటి వీరకుక్కకి మిగిలింది ఒకే ఒక్క పిల్ల. మూడు నెలలది. బుడమకాయలా గుండ్రంగా ఉండేది గనక దాన్ని బుడమ అని పిలిచేవాళ్ళు. దాని ఎడమ చెవి ఎప్పుడూ మడతపడే ఉండేది. ఎలుగుకి భయపడని జీలుగు, బుడమ తుమ్మితే మాత్రం భయపడేది.

జీలుగుని పెంచింది పండమ్మ. పోడు చేసుకుంటూ, తీరిక వేళ అడ్డాకులు ఎండబెట్టి విస్తళ్ళు కుట్టుకునేది. మనుషుల మాటల్లో జీలుగుకి తెలిసినవి నాలుగే. ఉసికో. బువ్వ. దా. పో. వేటకుక్కకి ఇంతకన్నా చదువెందుకు?

ఆ పదమూడు మామూలు కుక్కల్లో ఒకటి మొండి. వేరే గూడెం నుంచి ఎప్పుడో కుంటుకుంటూ వచ్చి చేరింది. ముందుకాలు సగం లేదు. వేటకి పనికిరాదు, పరుగుకి పనికిరాదు. జీలుగు దాన్ని ‘మూడున్నర కాళ్ళోడా’ అని పిలిచేది. మొండి మాత్రం ‘అక్కా’ అనే పలికేది.

ఇలా ఉండగా మామిడి పండగ రెండు రోజులుందనగా ఇద్దరు కొత్త మనుషులు కొండెక్కి వచ్చారు.

ఒకరు డాక్టరు హైమవతి. ఇంకొకరు ఆవిడ వెంట పనిచేసే యోహాను. హైమవతిగారిది పట్నంలో పశువుల ఆసుపత్రి. ఏటా వేసవిలో దానికి తాళం వేసేసి, ఎవరూ పిలవకుండానే, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకుండా, కొండగూడేల్లో పెంపుడు కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసేవారు. కింద రోడ్డు పక్క ఊళ్ళో బడి వరండా వాళ్ళ మకాం. అక్కడికే జీపు ఆగిపోతుంది. ఆపైన నడకే. ఆ కొండ ఎంత నిటారంటే, ఎక్కేవాడి మోకాలు ఎక్కేవాడి గడ్డానికే తగిలేది! యోహాను నెత్తి మీద పెట్టె. పెట్టె నిండా ఐసు. ఐసు మధ్య మందు సీసాలు. ఆ మందు చల్లగా ఉన్నంతసేపే మందు. వేడెక్కిందా, వట్టి నీళ్ళు.

గూడెం పెద్దకాపు సోమిరెడ్డి ఎదురొచ్చాడు.

“ఎవరమ్మా మీరు? దారి తప్పారా?”

“లేదు పెద్దకాపుగారూ, మీ కుక్కల కోసమే వచ్చాం” అంది హైమవతి. “కింద లోయలో పిచ్చినక్క తిరుగుతోందని విన్నాం. అది కరిస్తే కుక్కలకి పిచ్చి పుడుతుంది. అవి మనుషుల్ని కరుస్తాయి. రాకుండా ముందే సూది వేస్తాం.”

“కుక్కల కోసం మూడు కొండలు ఎక్కారా?” పెద్దకాపు తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. “మా చుట్టాలే ఎక్కరు కదమ్మా!”

ఒప్పుకున్నాడు. అందరూ కుక్కల్ని తెచ్చి చింతచెట్టు నీడన నిలబెట్టారు. మొట్టమొదట ఎవరూ పట్టుకోకుండానే ముందుకి వచ్చి నిలబడింది ఎవరనుకున్నారు? మొండి!

జీలుగు దూరంగా కూర్చుని చూసింది. మొండి మూతికి గుడ్డపీలిక చుట్టారు. వెన్ను మీద చర్మం పట్టి సూది గుచ్చారు. మొండి కుయ్యిమంది. గుడ్డ విప్పేసి, బిస్కెట్టు పెట్టారు. ఇదేం వింత? పొడిచి తిండి పెట్టేవాళ్ళని జీలుగు ఎప్పుడూ చూడలేదు. పొడిచేవాళ్ళు పొడుస్తారు, పెట్టేవాళ్ళు పెడతారు. రెండూ చేసేవాళ్ళు మంచివాళ్ళా, చెడ్డవాళ్ళా?

అంతలో యోహాను సంచిలోంచి ఒక పట్టీ తీసి మొండి మెడకి కట్టాడు. సూది పడిన కుక్క ఏదో, పడనిది ఏదో తెలియాలి కదా! అందుకు కట్టాడు. ఏ రంగైనా కట్టొచ్చు. ఆ రోజు ఆయన సంచిలో ఉన్నది పసుపు.

జీలుగు దిగ్గున లేచి నిలబడింది.

ఎందుకో చెప్పాలంటే ఆ గూడెం ఆచారం చెప్పాలి. అక్కడ అమ్మోరికి పెట్టనిదే కొత్త మామిడికాయ ఎవరూ నోట పెట్టరు. పండగకి ముందు ఒక మేకపోతు మెడలో పసుపు తాడు కడతారు. ఆ తాడు పడిన పోతు పండగ మర్నాడు కనబడదు. ఈ సంగతి గూడెంలో నిన్న గుడ్డు పగిలి వచ్చిన కోడిపిల్లకి కూడా తెలుసు. ఈ ఏటి పోతు కూడా అప్పటికే పసుపు తాడుతో అక్కడే నిలబడి ఆకులు నములుతోంది.

మేకపోతు మెడలో పసుపు. మొండి మెడలో పసుపు. జీలుగు అటు చూసింది, ఇటు చూసింది. 

“అక్కా” అంటూ మొండి కుంటుకుంటూ వచ్చింది. “ఇది చూసి కంగారు పడకు. చెప్పేది విను...”

“నువ్వాగరా మూడున్నర కాళ్ళోడా! తెలిసినవాళ్ళని అడుగుతాను” అని జీలుగు డేగ అనే పుంజు దగ్గరికి పరుగెత్తింది.

పుంజు దడి మీద కూర్చుని రెక్కలు దువ్వుకుంటోంది.

“డేగ మావా, మొండిగాడికి పసుపు కట్టారు. ఏంటంటావు?”

“ఏంటంటానేంటి? పసుపంటే అమ్మోరికే!” అంది పుంజు. “మా ఇంట్లో ఎంతమంది వెళ్ళారో నన్నడుగు. పసుపు నీళ్ళు చల్లుతారు. నాలుగు గింజలు వేస్తారు. మూడో గింజ తినేలోపు ఆట ముగుస్తుంది.”

“అమ్మోరు కుక్కని తింటుందా?”

“అమ్మోరి ఇష్టం! మధ్యలో నువ్వెవరు?”

జీలుగు అక్కడి నుంచి ఉరికింది. దారిలో మొండి మళ్ళీ అడ్డొచ్చింది. “అక్కా, కట్టింది నాకు కదా. నన్నడగొచ్చు కదా...”

“పసుపు పడినవాడు పోయినవాడి కిందే లెక్క. పోయినవాడితో నాకు మాటలేంటి? తప్పుకో!” అని జీలుగు సింగి అనే ముసలిమేక దగ్గరికి పోయింది.

సింగి పళ్ళు లేని నోటితో ఆకు నములుతోంది.

“సింగి పిన్నీ, కుక్కలకి పసుపు కడితే మంచిదా, చెడ్డదా?”

“పోయినేడు మా అన్న మెడలో కట్టారే తల్లీ” అంది సింగి. “అన్న ఎంత మురిసిపోయాడని! నాకు గొలుసు చేయించారు చూడమన్నాడు. మర్నాడు అన్న లేడు. ఆ దిగులుతో నాకు తిండే సయించడం లేదు” అని ఇంకో గుప్పెడు ఆకులు పీకింది.

“కుక్కలకి ఎప్పుడూ కట్టలేదు కదా?”

“ఈసారి పండగ పెద్దదేమో.”

జీలుగు ఆఖరికి బూడిద అనే పిల్లిని కేకేసింది. బూడిద ఇంటి కప్పు మీద పడుకుని ఒక కన్ను తెరిచింది.

“బూడిద వదినా, నీకు తెలియనిది లేదు. చెప్పు.”

“వాళ్ళు బిస్కెట్టు పెట్టారా?”

“పెట్టారు.”

“మెల్లగా, మర్యాదగా మాట్లాడారా?”

“చాలా మెల్లగా.”

“నేను ఎలుక కన్నం ముందు ఎలా కూర్చుంటానో చూశావా?” అంది బూడిద. “ఎంత మెల్లగా! ఎంత మర్యాదగా!”

“అంటే?”

“అంటే అంతే” అని పిల్లి కన్ను మూసింది.

మొండి మూడోసారి వచ్చింది. “అక్కా, ఒక్క మాట. మా గూడెంలో...”

“మీ గూడెం అంత గొప్పదైతే ఇక్కడికెందుకు వచ్చావురా దేకుకుంటూ?”

మొండి తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పక్కకి పోయింది. ఆ మాట సూది కంటే లోతుగా దిగింది మరి.

జీలుగు ఇక ఆగలేదు. బుడమ మెడ పట్టుకుంది. ఒక్క దూకు! మూడు నెలల పిల్ల గుండ్రాయంత బరువుంటుంది. అయినా ఆ పరుగుకి చెట్లే పక్కకి జరిగి దారిచ్చాయంటారు చూసినవాళ్ళు. తేనెబండ అనే పెద్ద రాతి సందులో దూరి, పిల్లని పొట్ట కింద దాచుకుంది.

కింద నుంచి పండమ్మ పిలుపు వినబడింది. తొంగిచూస్తే ఆమె చేతిలో పసుపు పట్టీ.

“జీలుగూ! దా! దా!”

బువ్వ పెట్టేటప్పుడు పిలిచే గొంతే అది. అదే ప్రేమ. అదే పిలుపు. మరి చేతిలో పసుపు ఎందుకు? ఆ గొంతు అబద్ధం ఆడుతోందా? లేక ఆ ముగ్గురూ తప్పు చెప్పారా? జీలుగు లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. మళ్ళీ కూర్చుంది.

“అమ్మా, ఎందుకు దాక్కున్నాం?” అంది బుడమ.

“తెలీదు. మాట్లాడకు.”

చింతచెట్టు కింద హైమవతి కొండవైపే చూస్తోంది. “ఇంకాసేపు చూద్దాం” అంది.

“ఐసు కరిగిపోతోంది డాక్టరుగారూ” అన్నాడు యోహాను. “కింద ఇంకో గూడెం ఉంది.”

ఆవిడ నిట్టూర్చి పండమ్మ చేయి పట్టుకుంది. “అమ్మా, మేము వానలు పడేదాకా కింద బడి దగ్గరే ఉంటాం. నీ కుక్కల్ని ఎప్పుడైనా తీసుకురా. ఈలోగా ఏ జంతువైనా కరిస్తే మాత్రం ఆలస్యం చెయ్యకు. పుండుని సబ్బు పెట్టి, పారే నీళ్ళలో చాలాసేపు కడుగు. వెంటనే దిగిపో. పట్టీ ఉన్న కుక్కనైనా సరే తీసుకురా. ఇంకో సూది వెయ్యాలి.”

అలాగేనంది పండమ్మ.

పండగ వచ్చింది, పోయింది. పసుపు తాడు మేకపోతు కనబడలేదు. జీలుగు, బుడమ కాక మిగిలిన పసుపు పట్టీల కుక్కలు మాత్రం పన్నెండుకి పన్నెండూ హాయిగా తిరుగుతున్నాయి. జీలుగు కొండ దిగి వచ్చి చూసి తెల్లబోయింది.

“వీళ్ళనెందుకు ఇంకా ఉంచారు మావా?”

“వచ్చే పండక్కేమో” అంది పుంజు.

“ముందు బలవాలి కదే” అంది సింగి.

పిల్లి ఏమీ అనలేదు. అన్నీ తెలిసినవాళ్ళు ఒక్కోసారి ఏమీ అనరు. జీలుగుకి ఉన్న అయోమయం పోలేదు సరికదా, ఆ అయోమయమే పిల్లలు పెట్టింది. రోజూ పట్టీలు లెక్కపెట్టుకునేది. ఒక్కటీ తగ్గేది కాదు. పండమ్మ తాడు పట్టుకుని కొండ దిగుదాం రమ్మంటే మళ్ళీ తేనెబండకి పారిపోయేది. మొండిని ఒక్క మాట అడిగితే పోయేది. కానీ ఎలుగుని తరిమిన కుక్క కుంటికుక్కని అడుగుతుందా?

నెల దాటింది. ఒక రోజు మిట్టమధ్యాహ్నం. పండమ్మ ఇంటి ముందు అడ్డాకులు ఆరబోసింది. బుడమ ఆకుల మీద దొర్లుతోంది. అప్పుడు వచ్చింది నక్క.

నక్క ఎండవేళ గూడెంలోకి రాదు. ఇది వచ్చింది. మనిషిని చూస్తే పారిపోతుంది. ఇది పారిపోలేదు. నోటినుంచి చొంగ. కళ్ళలో ఎవరూ లేని చూపు. తూలుతూ, తూలుతూ, సూటిగా బుడమ మీదికి నడిచింది.

జీలుగు ఎగిరింది! ఆ ఎగురు ఎంతంటే, దాని నీడ నేలమీద పడటం మరిచిపోయింది. నక్క పళ్ళు బుడమకి బెత్తెడు దూరంలో ఉండగా జీలుగు దాన్ని ఢీకొట్టి దొర్లించింది. నక్క జీలుగు భుజం పట్టేసింది. అంతలో మూడున్నర కాళ్ళతో మొండి ఉరికి వచ్చి వెనక నుంచి లాగింది. నక్క తిరిగి మొండి చెవి చీల్చింది. మగవాళ్ళు కర్రలతో వచ్చేసరికి నక్క వాగు గట్టు దాకా తూలుతూ పోయి చచ్చిపడి ఉంది.

బుడమకి ఏమీ కాలేదు. దాని ఒంటిమీద గీత కూడా లేదు.

పండమ్మ రెండు కుక్కల్నీ వాగులోకి లాక్కుపోయింది. చేతులకి గుడ్డలు చుట్టుకుని, సబ్బు అరిగిపోయేదాకా పుళ్ళు కడిగింది. పెద్దకాపు గట్టున నిలబడ్డాడు.

“పండమ్మా, పిచ్చిదాని పన్ను పడిన కుక్క గూడెంలో ఉండకూడదు. మా తాతలనాటి కట్టు. వాగు దాటించాలి. తిరిగొస్తే కర్రే. మొండిగాడికైతే సూది పడింది. దీనికి లేదు కదా!”

“డాక్టరమ్మ తీసుకురమ్మంది మావా.”

“మూడు కొండలే! దారిలో నిన్ను కరిస్తే?”

“నన్నా? నా చేతి బువ్వ తిని?”

“పిచ్చి పుడితే బువ్వ గుర్తుండదమ్మా.”

“వెంటనే సూది వేయిస్తే పుట్టదంట.”

పెద్దకాపు చాలాసేపు జీలుగునే చూశాడు. ఎన్ని వేటలు ఆడించాడు దాన్ని! “అయితే ఇప్పుడే బయల్దేరు. అది తాడుకి లొంగకపోతే మాత్రం ఇక నా మాటే” అని, లొంగకపోతే దారి అదేనన్నట్టు వాగు అవతలికి చెయ్యి చూపించి జీలుగుతో “పో!” అన్నాడు.

పండమ్మ తాడు తెచ్చి “దా!” అంది.

పో అంటున్నారు. దా అంటున్నారు. జీలుగుకి తెలిసిన నాలుగు మాటల్లో రెండు ఒకేసారి చెవిలో పడ్డాయి. పో అంటే అడవి ఉంది, తేనెబండ ఉంది. దా అంటే సూది ఉంది, పసుపు ఉంది. ఏది చావు? ఏది బతుకు? నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి లాగాయి.

పక్కన మొండి తడిసిన చెవి విదిలించుకుంటోంది. అది తన పిల్ల కోసం పరుగెత్తుకొచ్చి కరిపించుకుందని జీలుగుకి అప్పుడు తట్టింది.

“ఒరేయ్ మొండీ” అంది.

మొండి అటూ ఇటూ చూసింది. జీలుగు తనని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. “నన్నేనా అక్కా?”

“నిన్నే. ఆ రోజు... నీకేం చేశారు?”

“మూతికి గుడ్డ కట్టారు. గుచ్చారు. కందిరీగ కుట్టినట్టుంది. గుడ్డ విప్పారు. బిస్కెట్టు తిన్నాను. అంతే.”

“అంతేనా?”

“అంతే. పట్టీ కాస్త దురద.”

“ఎందుకు గుచ్చారు?”

“నాకు తెలీదక్కా.”

“తెలీకుండానే ముందుకెళ్ళి నిలబడ్డావా?”

మొండి తన సగం కాలు నాక్కుంది. తర్వాత మెల్లగా అంది. “మా పాత గూడెంలో ఇలాంటి నక్కే వచ్చింది. మా అమ్మని కరిచింది. పుండు మానింది. అందరం మరిచిపోయాం. కొన్నాళ్ళకి అమ్మ నీళ్ళ కుండ దగ్గరికి పోయి, తాగలేక వణికింది. ఏమైందమ్మా అని నేను దగ్గరికి వెళ్ళాను. అక్కా, మా అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. పళ్ళు చూపించి మీదికి వచ్చింది. పారిపోతూ ఉచ్చులో పడ్డాను. కాలు అక్కడే పోయింది.”

జీలుగు ఆ సగం కాలు చూసింది. ఇన్నాళ్ళూ నవ్వినది దాన్ని చూసే.

“తర్వాత సూదులవాళ్ళు వచ్చారు. అప్పుడు నేనూ నీలాగే దాక్కున్నాను. మళ్ళీ నక్క వచ్చింది. పట్టీలున్న కుక్కల్ని కరిచింది. వాటికేమీ కాలేదు. నాకు తెలిసింది అంతే అక్కా. ఎందుకో, ఎలాగో తెలీదు.”

“ఇదంతా ఆ రోజే ఎందుకు చెప్పలేదురా?”

“మూడుసార్లు చెప్పబోయాను.”

జీలుగు తల వంచుకుంది. గట్టు మీద నుంచి బుడమ “అమ్మా!” అని పిలుస్తోంది. మడతపడిన చెవి. గుండ్రటి పొట్ట. దీన్ని నేను గుర్తుపట్టకపోతే? దీని మీదికే పళ్ళు చూపిస్తే? ఎలుగుబంటి ఎదుట కూడా జీలుగు ఒంట్లో అంత చలి పుట్టలేదు.

పండమ్మ దాకా పది అడుగులు. ఆ పది అడుగులకి మూడు కొండల దమ్ము పట్టింది. జీలుగు నడిచి వెళ్ళి, తనే తలవంచి, తాడులో మెడ పెట్టింది.

పెద్దకాపు చేతిలో కర్ర కింద పెట్టేశాడు.

పండమ్మ బుడమని గంపలో కూర్చోబెట్టుకుని, రెండు కుక్కల్నీ పట్టుకుని, పొద్దు వాలేసరికి బడి దగ్గరికి దిగింది. హైమవతి గేటు దాకా ఎదురొచ్చింది.

“వచ్చావా తల్లీ!” అంది జీలుగుతో. “ఆ రోజు ఎక్కడ దాక్కున్నావే?”

జీలుగుకి ఆ మాట అర్థం కాలేదు. కానీ ఆ చెయ్యి వణకలేదు, విసుక్కోలేదు. మూతికి గుడ్డ కట్టారు. గుచ్చారు. నిజమే! కందిరీగ కుట్టినట్టే ఉంది. మొండికి ఇంకోటి పడింది. బుడమకీ ఒకటి పడింది, మెడకి పసుపు పట్టీ కూడా పడింది.

“అమ్మా, చూడు” అంది హైమవతి పండమ్మతో. “ముందే వేసి ఉంటే, కరిచాక జీలుగుకి ఇంకొకటి చాలేది. ఇప్పుడు ఐదు వెయ్యాలి, రోజుల లెక్క తప్పకూడదు. ఆరు నెలలు విడిగా కట్టి ఉంచాలి. పిల్లని దగ్గరికి రానివ్వద్దు. అప్పటికి బాగుంటే భయం లేదు.”

“బాగుంటుందా డాక్టరమ్మా?”

“త్వరగా కడిగావు, త్వరగా తెచ్చావు. ఆశ ఉంది. మాట మాత్రం ఇవ్వలేను.”

ఒక్క సూదికి పారిపోయిన జీలుగు ఐదు సూదులకి ఐదుసార్లు మూడు కొండలూ దిగింది, ఎక్కింది. ఆ రాకపోకలకి నడిమి కొండ జానెడు కుంగిందని కొండరెడ్లు ఇప్పటికీ చెబుతారు.

ఇంటి వెనక వెదురుదడి కట్టి, అందులో జీలుగుని ఉంచారు. వానలు పడ్డాయి. పండమ్మ బుడమని తీసుకుపోయి పోడులో మంచె దగ్గర కాపలా పెట్టింది. రోజూ తనొక్కతే వచ్చి బువ్వ పెట్టి వెళ్ళేది. మొండి మాత్రం దడి అవతల కూర్చుని ఉండేది.

జీలుగుకి రోజూ ఒకటే పని. పొద్దున్నే నీళ్ళ కుండ వైపు చూసేది. వణుకు వస్తోందా? లేదు. తాగేది. అమ్మయ్య! తర్వాత మొండిని పిలిచేది.

“ఒరేయ్, బుడమ గుండ్రంగా ఉంటుంది కదూ?”

“అవునక్కా.”

“ఎడమ చెవి మడత కదూ?”

“ఎడమే.”

“గుర్తుంది కదా నాకు?”

“గుర్తుందక్కా. పడుకో.”

మరి ఒంట్లో పిచ్చి పుడితే తనకి తెలుస్తుందా, ఎదుటివాళ్ళకి తెలుస్తుందా? జీలుగు ఎంత ఆలోచించినా ఈ చిక్కు విడలేదు. మొండి కూడా తెలీదనే అంది.

సామలు కోతకొచ్చాయి. ఆరు నెలలు నిండాయి. హైమవతి మళ్ళీ కొండెక్కి వచ్చింది. జీలుగు కళ్ళు చూసింది, నోరు చూసింది, నడిపించి చూసింది. నవ్వి, దడి తలుపు తీసింది. పండమ్మ పోడు వైపు తిరిగి “దా!” అని కేకేసింది.

పోడులోంచి ఒక కుక్క పరుగెత్తుకొచ్చింది. పొడుగాటి కాళ్ళు. సన్నటి నడుము. నిక్కబొడుచుకున్న రెండు చెవులు. బొంగురు మొరుగు.

జీలుగు చూసింది. ఎవరీ కుక్క?

మళ్ళీ చూసింది. ఎవరు? ఎవరిది?

 “ఒరేయ్ మొండీ! నాకు గుర్తు రావడం లేదు! నాకు పిచ్చి పుట్టింది! తలుపు వేసెయ్యమను! నన్ను కట్టెయ్యమను!” అని వెనక్కి వెనక్కి నడిచి దడికి ఆనుకుంది.

ఆ కుక్క కూడా ఆగిపోయింది. దానికీ అర్థం కాలేదు. తల పక్కకి వాల్చింది.

“అమ్మా?” అంది.

గాలి అటు నుంచి ఇటు వీచింది. గాలిలో అడ్డాకుల వాసన. పొగ వాసన. ఆ రెంటి కిందా, ఎంత పెరిగినా పోని పాల వాసన.

“బుడమా?” అంది జీలుగు. “ఇంత పొడుగయ్యావేంటిరా?”

“నువ్వింత పొట్టిగా అయ్యావేంటే అమ్మా?” అంది బుడమ.

జీలుగు దాన్ని ముక్కు నుంచి తోక దాకా వాసన చూసింది. తోక నుంచి ముక్కు దాకా మళ్ళీ చూసింది. అప్పటికి గానీ తను గుర్తుపట్టానని జీలుగుకి నమ్మకం కుదరలేదు.

నీతి: అన్నీ తెలిసినట్టు చెప్పేవాళ్ళని ముగ్గురిని అడిగే కన్నా, స్వయంగా అనుభవించిన ఒక్కరిని అడగడం మేలు. ఆ ఒక్కరూ నీ కంటికి ఎంత చులకనగా కనబడినా సరే.